మా ఆయన స్వెట్టర్

కుడిచెయ్యి ఇక నాది కాదు. మోచేతి దగ్గర మొదలైన తిమ్మిరి భుజం దాకా పాకి అక్కడే మకాం పెట్టింది. ఆ చేతి మీద జిగురుగాడి తల, తల మీద ఉన్నిటోపీ, టోపీ అంచు కింద సన్నగా చెమట. టోపీ తీస్తే చలి, ఉంచితే చెమట, తియ్యాలంటే చెయ్యి కదపాలి, కదిపితే లేస్తాడు, లేస్తే ఏమడుగుతాడన్నదే ఇవాళ్టి సంగతంతా. జిగురుగాడంటే నా కొడుకు, రెండో ఏడు నడుస్తోంది. ఒకసారి అంటుకున్నాడంటే వేడినీళ్ళు పోసినా ఊడడని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. వీడి చేత పాలు మాన్పించి కొన్ని రోజులైంది. పగలు ఆటల్లో పడి మరిచిపోతాడు. నిద్రలోంచి లేచే ఆ నిమిషమే ప్రమాదం, కళ్ళకంటే ముందు నోరు తెరుచుకుని వెతుక్కుంటుంది. ఇన్నాళ్ళూ వాణ్ణి పడుకోబెట్టడమూ లేచాక ఎత్తుకోవడమూ మా ఆయనే సెలవు పెట్టి చేశాడు, నేను పక్కగదిలో తలుపేసుకుని కూర్చున్నాను, చెవులు మాత్రం ఈ గదిలోనే ఉండేవి. ఇవాళ ఆయన పనికి వెళ్ళాడు, వీడు మాన్పించాక మొదటిసారి నా పక్కలో పడుకున్నాడు. నేను పక్కన ఉండగా లేచి కూడా అడక్కపోతే మానేసినట్టే, రేపు చీకటితోనే డిపోకి వెళ్ళి నా బస్సు నేను నడుపుకుంటాను. అడిగితే ఇస్తాను. ఇవ్వనని అందరికీ చెప్పాను గానీ ఇస్తాను, నా సంగతి నాకు తెలియదా. ఇచ్చానంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

మొదటికంటే పోయినవారం. సెలవు అయిపోయిందని పోయినవారం వెళ్ళాను కూడా, యూనిఫాం వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని, పిల్లి అడుగులు వేసుకుంటూ ఇంట్లోంచి బయటపడి. డిపో గేటు దగ్గర ఉండగానే ఫోను. మా ఆయన ఫోను వీడి నోటి దగ్గర పెట్టాడంతే. జలుబుతో ముక్కు మూసుకుపోయి, ఏడ్చి ఏడ్చి, దగ్గి, తాగిన నీళ్ళు కూడా కక్కేసి, ఊపిరి అందక మధ్యలో ఆగిపోతున్న ఏడుపు. నేను గేటు దగ్గరే వెనక్కి తిరిగాను. ఆ రోజు నా బస్సు లేటుగా వెళ్ళింది, ఎవరో నిద్రమొహంతో వచ్చి నడిపారు. మర్నాడు సూపర్వైజర్ కోప్పడలేదు, ఇంకో వారం సెలవు కూడా ఇచ్చాడు, అందుకే భయం వేసింది. "చూడమ్మా, నాకూ పిల్లలున్నారు, నాకు తెలుసు. ఇంకోసారి ఇలా అయితే మాత్రం నిన్ను స్పేర్లో వెయ్యక తప్పదు" అన్నాడు. స్పేరంటే సొంత రూటు ఉండదు, సొంత బస్సు ఉండదు, ఎవరు రాకపోతే వాళ్ళ బస్సు, ఏ వేళంటే ఆ వేళ. మా ఆయన లిఫ్టు మెకానిక్కు, మధ్యాహ్నం వెళ్తే రాత్రికొస్తాడు. నేను చీకటితో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తే పిల్లల్ని ఒకరి చేతిలోంచి ఒకరం అందుకోవచ్చు, అందుకే ఆ పొద్దుటి రూటు కోసం ఎన్నేళ్ళు కాళ్ళరిగేలా తిరిగానో డిపోలో గోడలకి కూడా తెలుసు. ఆ రూటు పోతే ఉద్యోగం పోయినట్టే. జిగురుగాడికి ఇవేవీ తెలియవు, ముక్కులోంచి ఈల వేసుకుంటూ నిద్రపోతున్నాడు.

గదంతా తడిబట్టల వాసన. ఈ కాలంలో బయట ఆరేస్తే సాయంత్రానికి ఉతికినప్పటికంటే తడిగా ఉంటాయి, అందుకని కుర్చీల వీపుల మీద, తలుపుల మీద, కిటికీ కమ్మీల మీద, ఎక్కడ చూసినా చిన్న చిన్న మేజోళ్ళు. వాటిలో జతలు లేవు. రెండు కాళ్ళకీ జత మేజోళ్ళు వేసుకున్న పిల్లలు ఎవరింట్లోనైనా ఉంటారా, ఉంటే వాళ్ళమ్మని ఒకసారి చూడాలి. కిటికీ అద్దానికి లోపలివైపు ఆవిరి, దాని మీద పొద్దున్న వీడి అక్క, మా పెద్దది, వేలితో గీసిన మనిషి ఇప్పటికి కాళ్ళ దగ్గర కారిపోయాడు. వెలుతురు అప్పుడే పలచబడుతోంది. ఇప్పుడేగా అన్నం తిన్నాం, అప్పుడే సాయంత్రమా అనిపిస్తుంది, ఈ కాలంలో మధ్యాహ్నమనేది పేరుకే. పొద్దున్నంతా బట్టలు తొడగడంలోనే పోయింది. లోపలి బనీను, దాని మీద చొక్కా, దాని మీద స్వెట్టర్, దాని మీద కోటు, టోపీ, రెండు మేజోళ్ళు, బూట్లు, అన్నీ అయ్యాక ఒళ్ళంతా బిగిసిపోయి చేతులు రెండూ పక్కలకి నిలబెట్టుకుని నడుస్తుంటే గుమ్మం దాటే వేళకి కచ్చితంగా ఒకరికి ఒంటికొస్తుంది. ఒకరిదంతా విప్పి మళ్ళీ తొడిగేసరికి రెండోవాళ్ళకి. బయట తిరిగింది కాసేపే, మిగతాదంతా గుమ్మంలోనే. అయినా ఈ కాలంలోనే మాన్పించమని చెప్పింది సీనియరక్క. డిపోలో మా అందరికంటే ముందు స్టీరింగ్ పట్టినావిడ, ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఏ విషయమైనా బ్రేకు వేసినట్టు చెబుతుంది. "ఎండాకాలంలో అయితే నీ తరం కాదు, పల్చటి బట్టలు, వాసన, చెమట, వాడికి దారి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఇప్పుడైతే మెడదాకా మూటకట్టుకుని కూర్చుంటాం కదా. మీ ఆయన స్వెట్టర్ వేసుకో, మందంగా, మెడ మూసి. నీ వాసన పోవాలి. నాలుగు రోజులు ఏడుస్తాడు, ఐదో రోజు నువ్వెవరో, వాడెవరో."

నువ్వెవరో వాడెవరో అన్నప్పుడు నవ్వాను. మా ఆయన స్వెట్టర్ బూడిదరంగుది, నా మోకాళ్ళ దాకా వస్తుంది, ఎన్నిసార్లు ఉతికినా లిఫ్టు గ్రీజు వాసన పోదు, ఎడమ చేతికి ఒక కాలిన మచ్చ. అది వేసుకుని కూర్చుంటే వీడు నా ముందు నిలబడి, తల ఒకపక్కకి వంచి, కొత్త మనిషినెవర్నో చూసినట్టు చూశాడు. మెడ దగ్గర వేలు పెట్టాడు, దారి లేదు. కింద అంచు పట్టుకుని లాగాడు, నేను అంచు మీద కూర్చున్నాను. ఏడ్చాడు. మా ఆయన ఎత్తుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళి వీధి చివర ట్రాఫిక్ లైట్లు చూపించాడు, ఎరుపు, పచ్చ, ఎరుపు, అలా ఎంతసేపు చూపించాడో. ఆ సాయంత్రం నేను స్నానానికి వెళ్ళి స్వెట్టర్ కుర్చీ మీద వేశాను, చలేస్తోందని మా ఆయన అది తొడుక్కున్నాడు, ఆయనదే కదా. అందరం కలిసి వేసిన తెలివైన ఎత్తు అక్కడ బోల్తాకొట్టింది. వీడు గబగబా వెళ్ళి ఆయన ఒళ్ళోకెక్కి, స్వెట్టర్ పైకి లాగి, బనీను కూడా లాగి, ఆ వెంట్రుకల గుండె మీద శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టాడు. మా ఆయన గంభీరంగా మొహం పెట్టి, "ఇక్కడ లేదురా, దుకాణం మార్చేశారు" అన్నాడు. పెద్దది నవ్వి నవ్వి ఎక్కిళ్ళు తెచ్చుకుంది. నేను తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వాను, నవ్వుతూనే ఉన్నాను, నాకెందుకో మొహం వేడెక్కింది. వాడు నన్ను చూడలేదు. గుమ్మంలో, తువ్వాల్లో, అన్ని సరుకులతో అసలు దుకాణం నిలబడి ఉంటే వాడు ఆ స్వెట్టర్లోనే వెతుకుతున్నాడు.

అప్పట్నించీ అదే అలవాటయింది. అమ్మ కాదు, నాన్న కాదు, స్వెట్టర్. కుర్చీ మీద ఉంటే కుర్చీ దగ్గరికెళ్ళి దాని అంచు నోట్లో పెట్టుకుని నిలబడతాడు. పక్కలో వేస్తే బుగ్గ దానికి ఆనించి పడుకుంటాడు. మా ఆయనకి ఇది మహా సదుపాయంగా తోచింది. "సరిపోయింది, నువ్వు లేచి వెళ్ళగానే అది నేను వేసుకుని పక్కన పడుకుంటా, వాడికి తేడా తెలియదు" అన్నాడు. తేడా తెలియదు అని ఎంత సంతోషంగా అన్నాడో. అత్తయ్యకి ఫోన్లో చెబితే ఆవిడ అటువైపు నుంచి దగ్గుతూ నవ్వి, "మీ ఆయన మూడేళ్ళు దాటినా వదల్లేదమ్మా, వీడు నయం, స్వెట్టర్‌తో సరిపెట్టుకుంటున్నాడు. నువ్వు మాత్రం గుండె రాయి చేసుకో" అంది. అందరూ నన్నే గుండె రాయి చేసుకోమంటున్నారు. నాకు గుండెతో ఇబ్బంది లేదత్తయ్యా, నిజం చెబుతున్నా, నాకు ఆ బస్సు కావాలి. ఈ మాట పైకి అనలేదు. చీకట్లో డిపోలో వరసగా నిలబడ్డ బస్సులు, వాటి పైకప్పుల మీద మంచు, తలుపు తీస్తే లోపల నిన్నటి జనం వదిలివెళ్ళిన చద్ది వాసన, స్టీరింగ్ అరచేతులకి మంటెక్కేంత చల్లగా, ఇంజను వేడెక్కేదాకా కాళ్ళు టపటపలాడించుకుంటూ కూర్చోవడం, మొదటి స్టాపులో ఎప్పుడూ ఉండే ఆస్పత్రి ఆయా, రొట్టెల బట్టీలో పనిచేసే కుర్రాళ్ళు, ఎవరూ మాట్లాడరు, అందరి నోళ్ళలోంచీ పొగలు. పైన అద్దంలో అందరూ కనిపిస్తారు, ఎవరూ నన్ను ముట్టుకోరు. క్యాబిన్లో ఎవరూ నా జుట్టు లాగరు, ఎవరూ నా భుజానికి ముక్కు తుడుచుకోరు, ఎవరూ నా మీద నిద్రపోరు. అదే నాకు కావలసింది. రెండు చేతులూ నావిగా, ఒళ్ళంతా నాదిగా ఒక పూట. దానికి సిగ్గుపడాలా, పడను. పిల్లలంటే ప్రాణం, ఆ ప్రాణానికి కాసేపు విశ్రాంతి కావాలి, అంతే.

తలుపుకి వేలాడుతున్న యూనిఫాం చొక్కా నావైపే చూస్తోంది. గుండె దగ్గర గుండీ పట్టకపోతే పోయినవారం జరిపి కుట్టాను, ఈపాటికి మళ్ళీ వెనక్కి జరపాలేమో. మొదటి రెండు రోజులూ గుండెలు రాళ్ళలా అయిపోయి, చెయ్యి ఆనితే ప్రాణం పోయేది, చల్లటి బట్ట వేసుకుని కూర్చున్నాను, బయట చలి, లోపల నేను చల్లటి బట్ట వెతుక్కుంటున్నాను, మా ఆయన చూసి టీ పెట్టిచ్చాడు. ఇప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు, వీడు నిద్రలో మూలిగితే ఇప్పటికీ లోపల ఏదో లాగుతుంది. ఆఖరిసారి ఎప్పుడు తాగాడు? గుర్తుచేసుకుంటే ఆ పూట పెద్దదాని బడి వాళ్ళ ఫోన్, దాని చేతిగ్లోవు ఒకటి పోయిందనీ, ఏ చేతిదనీ అడుగుతున్నారు, నేను ఎడమదో కుడిదో తేల్చుకోలేక కంగారుపడుతున్నాను, వీడు తాగుతూనే ఉన్నాడు, తాగడం ఎప్పుడు ఆపాడో, ఎప్పుడు దిగాడో చూడనే లేదు. ఇదే ఆఖరుదని అప్పుడెవరూ చెప్పలేదు, ఆ రాత్రికే కదా సీనియరక్క ఫోన్ చేసింది. తెలిసి ఉంటే ఫోన్ పక్కన పెట్టేదాన్నా? ఏమో, గ్లోవు కూడా అవసరమే.

తలుపు సందులోంచి ముందు ఒక ముక్కు, తర్వాత పెద్దది. మా ఇంట్లో దాని పేరు లాయరు. ఆరేళ్ళకే దానితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. సందడి చెయ్యొద్దన్నానని పక్కగదిలో బొమ్మల్ని కూడా గుసగుసగానే తిడుతోంది ఇంతసేపూ. ఇప్పుడు మంచం దగ్గరికొచ్చి, తమ్ముడి మొహం మీదికి వంగి, దాని గుసగుస వీధి చివరి దాకా వినపడేలా అడిగింది.

"అడిగాడా?"

"ఇంకా లేవలేదు. ష్."

"లేచాక అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను."

"ఇస్తావు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది." మంచం అంచు మీద గడ్డం ఆనించింది. "నాకూ ఇచ్చావా?"

"నీకెందుకివ్వనే? ఇచ్చాను."

"మరి నేనెప్పుడు మానేశాను?"

"నీకు జ్వరమొచ్చింది. తగ్గాక నువ్వే అడగలేదు."

"నేనే మానేశానా?" అంది, బహుమతి వచ్చినట్టు. "ఏడవలేదా?"

"లేదు."

"నువ్వో?"

"నేనెందుకేడుస్తానే? వెళ్ళు, మేజోళ్ళు వేసుకో, నేల చల్లగా ఉంది."

వెళ్ళింది. లాయరుకి అబద్ధం చెప్పలేదు, నిజంగానే అప్పుడు ఏడవలేదు. అప్పుడు ఎప్పటికైనా ఇంకొకర్ని కంటానని తెలుసు, తలుపు మూసుకున్నట్టు అనిపించలేదు. వీడి తర్వాత ఎవరూ లేరు. అది మేమిద్దరం కూర్చుని తేల్చుకున్న మాట, నాకు ఏ విచారమూ లేదు, ఇంట్లో చోటూ లేదు, ఓపికా లేదు. అయినా ఇంతసేపూ నేను ఇక్కడ చెయ్యి చచ్చుబడేలా పడుకుని దేనికోసం ఎదురుచూస్తున్నానో ఇప్పుడు నాకే తెలిసింది. వీడు అడగకూడదని మొక్కుకుంటున్నట్టు పైకి ఉన్నాను, లోపల మాత్రం ఒక్కసారి అడగరా అంటున్నాను. ఒక్కసారి. నువ్వు అడుగు, నేను ఇవ్వనులే. లేదు, ఇస్తాను, రేపటి సంగతి రేపు, డిపో ఎక్కడికీ పోదు. పోతుంది. రూటు పోతుంది. తెలిసే అంటున్నాను, అడగరా. బయట పాలిపోయిన వెలుతురు, కింద ఎవరో కారు అద్దం మీది మంచు గీకుతున్న చప్పుడు, గీకి, ఆగి, నోటితో ఊది, మళ్ళీ గీకుతున్నారు. నాకు నా మీద కోపమొచ్చింది. ముప్ఫై నలభై మందిని ఎక్కించుకుని మంచులో వంతెన దిగేటప్పుడు కూడా నా గుండె ఇలా కొట్టుకోలేదు.

ముందు కాలు కదిలింది, మేజోడు లోపల బొటనవేలు. తర్వాత ముక్కులో ఈల ఆగింది. తర్వాత చెయ్యి వచ్చి నా ఒంటి మీది స్వెట్టర్‌ని తడిమింది, అంచు దొరికింది, అక్కడే ఆగింది. కళ్ళు తెరిచాడు. పైకప్పు చూశాడు, కిటికీ చూశాడు, తలుపు మీద చొక్కా చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. గుర్తుపట్టి నవ్వాడు, నిద్ర ఇంకా బుగ్గ మీద ముడతలుగా ఉంది. పెదవులు కదిలాయి. "అక్కేదీ?" అన్నాడు.

అంతే. అడగలేదు. మానేశాడు. రేపు బస్సు నాది, రూటు నాది, సూపర్వైజర్ తలూపుతాడు, సీనియరక్క చెప్పానా లేదా అంటుంది, మా ఆయన ఈ స్వెట్టర్ వేసుకుని నా చోట్లో పడుకుంటాడు. ఇంకేం కావాలి. నేను అలా అనుకుంటూనే ఉన్నాను, ఎడమ చెయ్యి మాత్రం నన్నడక్కుండానే కిందికి వెళ్ళి స్వెట్టర్ అంచు పట్టుకుని పైకి లాగింది. చలి ఒంటికి కొట్టింది. "పాలు తాగుతావా, నాన్నా?" అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా అన్నాను, ఎవరైనా వింటారేమోనని.

వాడు చూశాడు. ఒకప్పుడు ఉండి ఖాళీ చేసిన ఇంటిని రోడ్డు మీంచి చూసినట్టు, ఆగి, ఒక్క క్షణం. కోపం లేదు, ఆశ లేదు. లేచి కూర్చున్నాడు. రెండు చేతుల్తో స్వెట్టర్ అంచు పట్టుకుని, బలమంతా పెట్టి, నాలుక బయటపెట్టి, కిందికి లాగాడు. పొట్ట దాకా వచ్చింది, చాల్లేదు, ఇంకా లాగాడు. "చలి" అన్నాడు. దాని మీద రెండుసార్లు తట్టి, నాకు బట్టలు తొడగడం అయిపోయినట్టు, వెనక్కి పాకి, కాళ్ళు ముందుగా మంచం దిగి, "అక్కా" అని అరుచుకుంటూ తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

వాడి పాదాల చప్పుడు పక్కగదిలోకి వెళ్ళేసరికి పాలు చేపుకొచ్చాయి. ఇన్నాళ్ళూ నొప్పిగా తప్ప రానివి ఇప్పుడు వాటంతటవే వచ్చేశాయి, వెచ్చగా, లోపలి బనీను దాటి స్వెట్టర్లోకి.

"అమ్మా," లాయరు అవతల్నించి కేకేసింది, ఇక గుసగుసల్లేవు, "వాడు అడిగాడా?"

"లేదమ్మా," అన్నాను, "వాడడగలేదు."